లినక్స్ ల్యాప్‌టాప్‌లో తెగిపోని వైఫై: గోదావరి డెల్టా ఇళ్ల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

గోదావరి డెల్టాలో ఇప్పుడు చాలా ఊళ్లలో ఫైబర్ తీగ ఇంటి గుమ్మం దాకా వచ్చింది. కొబ్బరి తోటల పక్కగా, కాలువ గట్టు వెంబడి స్తంభాల మీదుగా వచ్చిన ఆ తీగ వీధి గదిలోని పెట్టె దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి ల్యాప్‌టాప్ దాకా మిగిలిన ముప్పై నలభై అడుగుల దూరాన్నే వైఫై దాటించాలి. ఇబ్బందులన్నీ సాధారణంగా ఆ ముప్పై నలభై అడుగుల్లోనే వస్తాయి. "ఫోనులో బాగానే వస్తోంది, ల్యాప్‌టాప్‌లోనే పోతోంది" అనే మాట లినక్స్ వాడేవారి నోట తరచుగా వినిపిస్తుంది. అప్పుడు కొందరు లినక్స్ మీదే తప్పు వేసి వదిలేస్తారు, మరికొందరు సిస్టమ్ మొత్తాన్ని తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఈ రెండూ అక్కరలేదు. లోపం ఎక్కడ ఉందో ఓపికగా కొలిచి చూస్తే, చాలా సందర్భాల్లో ఒకటి రెండు సెట్టింగులతోనో, రూటర్‌ను కొంచెం జరపడంతోనో పని పూర్తవుతుంది.

వేగం వేరు, నిలకడ వేరు అన్న సంగతి ముందే మనసులో పెట్టుకోవాలి. ఆన్‌లైన్ పాఠం చెప్పే ఉపాధ్యాయురాలికైనా, ఇంటి నుంచి ఉద్యోగం చేసే ఇంజనీరుకైనా, రొయ్యల ధర ఫోనులో కాక ల్యాప్‌టాప్‌లో చూసుకునే రైతుకైనా రోజంతా తెగకుండా వచ్చే 20 ఎంబీపీఎస్ చాలు. అరగంటకోసారి తెగే 200 ఎంబీపీఎస్ వారికి ఎందుకూ పనికిరాదు. అందువల్ల ఈ మార్గదర్శి వేగాన్ని పెంచడం గురించి కాదు, తెగిపోవడాన్ని ఆపడం గురించి.

ఇక్కడ చెప్పే పద్ధతులు ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్, ఫెడోరాలలో పనిచేస్తాయి, ఎందుకంటే వీటి సాధారణ డెస్క్‌టాప్ రూపాలన్నింటిలోనూ వైఫై వ్యవహారాన్ని నడిపేది నెట్‌వర్క్‌మేనేజర్ అనే ఒకే కార్యక్రమం. టెర్మినల్‌లో (కమాండ్‌లు టైప్ చేసే కిటికీలో) ఇవ్వవలసిన కమాండ్‌లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. వాటిని ఆంగ్ల చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ఉదాహరణకు ‘ఎల్‌ఎస్‌పీసీఐ’ అన్నప్పుడు ఆ ఐదు అక్షరాలనూ ఖాళీ లేకుండా కలిపి కొట్టాలి. పెద్ద అక్షరాలు అవసరమైన చోట ఆ సంగతి విడిగా చెబుతాను. సెట్టింగులు మార్చే కమాండ్‌లకు ముందు ‘సుడో’ (నిర్వాహకుడి అనుమతితో నడపమని చెప్పే మాట) చేర్చాలి.

కార్డు ఏదో తెలుసుకోవడం

అన్నిటికంటే ముందు మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న వైఫై కార్డు ఎవరిదో, దానికి లినక్స్ ఏ డ్రైవర్‌ను (కార్డును నడిపే ప్రోగ్రామ్‌ను) తగిలించిందో చూడాలి. టెర్మినల్ తెరిచి ‘ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే’ అని ఇవ్వండి. వచ్చిన పొడవాటి జాబితాలో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ అని ఉన్న వరుసను వెతకండి. దాని కిందనే ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అనే వరుస ఉంటే డ్రైవర్ తగిలినట్టే. ఆ వరుస లేకపోతే కార్డు ఉంది గానీ దాన్ని నడిపేవారు లేరన్నమాట. యూఎస్‌బీలో గుచ్చే వైఫై ముక్క అయితే ‘ఎల్‌ఎస్‌యూఎస్‌బీ’ అనే కమాండ్‌తో చూడాలి.

ఇంటెల్ కార్డుకు ‘ఐడబ్ల్యూఎల్‌వైఫై’, క్వాల్‌కామ్ అథెరోస్‌కు ‘ఏటీహెచ్9కే’, ‘ఏటీహెచ్10కే’, ‘ఏటీహెచ్11కే’, రియల్‌టెక్‌కు ‘ఆర్‌టీడబ్ల్యూ88’, ‘ఆర్‌టీడబ్ల్యూ89’, మీడియాటెక్‌కు ‘ఎంటీ76’ కుటుంబం డ్రైవర్లు కనిపిస్తాయి. ఇవన్నీ కెర్నెల్‌లోనే (లినక్స్ మూల భాగంలోనే) ఉన్నవి కాబట్టి విడిగా దేన్నీ తెచ్చుకోనక్కరలేదు. కావలసింది ఫర్మ్‌వేర్ ఒక్కటే. ఫర్మ్‌వేర్ అంటే కార్డు లోపలి చిప్‌లోకి ప్రతిసారీ ఎక్కించవలసిన చిన్న ఫైల్. ఉబుంటులో, ఫెడోరాలో ‘లినక్స్-ఫర్మ్‌వేర్’ అనే ప్యాకేజీలో ఇది వస్తుంది. డెబియన్‌లో మాత్రం చాలాకాలం దీన్ని విడిగా తెచ్చుకోవలసి వచ్చేది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాల్ చేయడానికి దించుకునే ఫైల్‌లోనే చేర్చారు. పాత డెబియన్ మీద ఉన్నవారు వైఫై అసలే కనబడటం లేదని అంటే నేను ముందు అడిగే ప్రశ్న ఇదే. ‘సుడో డీఎంఈఎస్‌జీ’ ఇచ్చి, వచ్చిన వరుసల్లో ‘ఫర్మ్‌వేర్’, ‘ఫెయిల్డ్’ అన్న రెండు మాటలూ ఒకే చోట ఉన్నాయేమో చూస్తే ఈ లోపం తేలిపోతుంది.

వైఫై లేనిదే ప్యాకేజీ దిగదు, ప్యాకేజీ లేనిదే వైఫై రాదు అనే చిక్కు ఇక్కడ ఎదురవుతుంది. దానికి తేలికైన మార్గం ఉంది. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగ్ తీగతో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోను సెట్టింగుల్లో హాట్‌స్పాట్ విభాగంలో ఉండే యూఎస్‌బీ టెథరింగ్‌ను ఆన్ చేయండి. ఫోను లినక్స్‌కు తీగ నెట్‌వర్క్‌లా కనిపిస్తుంది, ఏ డ్రైవరూ వేయకుండానే నెట్ వచ్చేస్తుంది. తీగ కేవలం ఛార్జింగ్‌కు పనికొచ్చే రకం కాకుండా డేటా కూడా పంపే రకం అయి ఉండాలి.

బ్రాడ్‌కామ్ కార్డులు ఉన్న పాత ల్యాప్‌టాప్‌ల సంగతి కొంచెం వేరు. వీటిలో కొన్నింటికి కంపెనీ ఇచ్చిన ‘డబ్ల్యూఎల్’ అనే డ్రైవర్‌ను విడిగా వేయాలి. ఉబుంటులోనైతే ‘అడిషనల్ డ్రైవర్స్’ అనే కార్యక్రమం దీన్ని వేసిపెడుతుంది. ఇలా బయటి నుంచి వచ్చిన డ్రైవర్ కెర్నెల్ మారినప్పుడల్లా తిరిగి తయారుకావాలి, అందుకు ఆ కెర్నెల్ హెడర్స్ ప్యాకేజీ ఉండి తీరాలి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ను ఎక్కనివ్వని రక్షణ) ఆన్‌లో ఉన్న ల్యాప్‌టాప్ అయితే, డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. మరుసటి రీస్టార్ట్‌లో నీలి తెర మీద ‘ఎన్‌రోల్ మోక్’ అనే అవకాశం వస్తుంది. అక్కడ అదే పాస్‌వర్డ్ ఇచ్చి అంగీకరించకపోతే డ్రైవర్ ఎక్కదు. ఆ తెర కొన్ని సెకన్లే ఉండి వెళ్లిపోతుంది కాబట్టి రీస్టార్ట్ చేసి పక్కకు వెళ్లకుండా అక్కడే కూర్చోవడం మంచిది.

అప్‌డేట్ చేసిన మరుసటి రోజు వైఫై మాయమైతే కంగారు పడనక్కరలేదు. ల్యాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో (దేనితో మొదలుకావాలో ఎంచుకునే తెరలో) ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్లి వెనకటి కెర్నెల్‌ను ఎంచుకుంటే, లోపం కొత్త కెర్నెల్‌దో కాదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. అందుకే పాత కెర్నెల్‌ను చోటు కోసం తొలగించకండి.

డ్రైవర్ ఉండి కూడా నెట్‌వర్క్‌లే కనబడకపోతే ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ ఇవ్వండి. అందులో సాఫ్ట్ బ్లాక్‌కు ‘యెస్’ అని ఉంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై’ సరిపోతుంది. హార్డ్ బ్లాక్‌కు ‘యెస్’ అని ఉంటే కీబోర్డు మీది విమానం గుర్తు కీని గానీ, ల్యాప్‌టాప్ పక్కన ఉండే చిన్న స్విచ్‌ను గానీ నొక్కాలి.

కొత్తగా కొనవలసి వస్తే నా సలహా సూటిగా చెబుతాను. డ్రైవర్‌ను బయట వెతుక్కోవలసిన చవక యూఎస్‌బీ ముక్క కొనకండి. రియల్‌టెక్ యూఎస్‌బీ చిప్‌లలో 8821సీయూ, 8822బీయూ వంటి వాటికి 6.2 కెర్నెల్ నుంచి లోపలే డ్రైవర్ ఉంది, కనుక చిప్ పేరు తెలుసుకునే కొనాలి. ల్యాప్‌టాప్ లోపలి కార్డునే మార్చగలిగితే ఇంకా మంచిది. ఇంటెల్ ఏఎక్స్200 లేదా ఏఎక్స్210 కార్డులు లినక్స్‌తో బాగా కలిసిపోతాయి. ఏఎక్స్201, ఏఎక్స్211 అనేవి చూడడానికి వాటిలాగే ఉన్నా, కొన్ని ఇంటెల్ ప్రాసెసర్ల ల్యాప్‌టాప్‌లలో మాత్రమే పనిచేస్తాయి. ఏఎండీ ల్యాప్‌టాప్‌లో అవి పెడితే పలకవు. అలాగే కొన్ని పాత ల్యాప్‌టాప్‌ల బయోస్ (ల్యాప్‌టాప్‌ను మొదలుపెట్టే లోపలి సాఫ్ట్‌వేర్) తనకు తెలిసిన కార్డులను తప్ప వేరే వాటిని ఒప్పుకోదు, కాబట్టి కార్డు కొనే ముందు మీ మోడల్ సంగతి విచారించుకోండి.

ఇంట్లో సిగ్నల్‌ను కొలవడం

తెర మూలన ఉండే వైఫై గుర్తులోని గీతలను నమ్మి నిర్ణయాలు తీసుకోకూడదు. అవి మరీ మొరటు కొలతలు. ‘ఐడబ్ల్యూ డెవ్’ అని ఇస్తే మీ వైఫై పరికరం పేరు తెలుస్తుంది. అది ‘డబ్ల్యూఎల్‌పీ2ఎస్0’ వంటి పేరుగా ఉంటుంది. తరువాత ‘ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లింక్’ అని మీ పరికరం పేరుతో ఇవ్వండి. వచ్చిన వరుసల్లో ‘సిగ్నల్’ అన్న చోట మైనస్ గుర్తుతో ఒక సంఖ్య ఉంటుంది. మైనస్ 50 దగ్గర ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 దాకా వీడియో కాల్స్‌కు ఢోకా ఉండదు. మైనస్ 75 దాటితే నిలకడ పోతుంది, మైనస్ 80 దాటాక ఏ సెట్టింగు మార్చినా లాభం లేదు. ల్యాప్‌టాప్ పట్టుకుని గది గదికీ తిరిగి, ప్రతి చోటా ఒక నిమిషం ఆగి, ఆ సంఖ్యను కాగితం మీద రాసుకోండి. ఈ ఒక్క పని చేయడానికి బద్ధకించి వారాల తరబడి సెట్టింగులు మార్చేవారు చాలామంది.

కోనసీమలో ఇంకా నిలబడి ఉన్న మండువా లోగిళ్లలో ఈ కొలత విలువ బాగా తెలుస్తుంది. ఆ ఇళ్ల గోడలు మందం, వానాకాలంలో అవి తేమ పీల్చుకుని ఉంటాయి, తడి గోడ పొడి గోడ కంటే సిగ్నల్‌ను ఎక్కువగా మింగుతుంది. అయితే నడుమ ఉన్న మండువా ఆకాశానికి తెరిచి ఉంటుంది. చుట్టూ ఉన్న గదులన్నీ దానివైపే తలుపులు తెరుస్తాయి. అందుకే వీధి గదిలో, తీగ వచ్చిన మూలనే పెట్టె బిగించుకుని వెనక గదిలో సిగ్నల్ లేదని బాధపడటం కంటే, మండువా వైపు సావిడిలో వాన జల్లు పడని చోట దూలానికి దగ్గరగా రూటర్‌ను పెడితే నాలుగు వైపుల గదులకూ తలుపుల గుండా సిగ్నల్ వెళుతుంది. ఫైబర్ పెట్టెను కదపనక్కరలేదు. దాని నుంచి ఒక నెట్‌వర్క్ తీగ లాగి రూటర్‌ను విడిగా పెట్టుకోవచ్చు.

కొత్త డాబా ఇళ్లలో అడ్డంకి శ్లాబు. అందులోని ఇనుప ఊచల వల్ల కింది అంతస్తు రూటర్ పైఅంతస్తుకు సరిగా అందదు. మేడ మీద గదిలో పనిచేసేవారు మెట్ల దారి దగ్గర రూటర్‌ను పెట్టుకోవడం మంచిది. ఎక్కడైనా సరే, ఇనుప బీరువా మీద, ఫ్రిజ్ వెనక, టీవీ వెనక రూటర్ పెట్టకూడదు.

ఇక ఆకివీడు, ఉండి, కాళ్ల వైపు చేపల, రొయ్యల చెరువుల గట్టు మీద షెడ్డు ఉన్నవారు ఇంటి వైఫైనే అక్కడి దాకా లాగాలని చూస్తుంటారు. నడుమ కొబ్బరి చెట్లు ఉంటే, వాన కురిసి ఆకులు తడిసినప్పుడల్లా ఆ లింకు బలహీనపడుతుంది, ఎందుకంటే నీరు వైఫై తరంగాలను పీల్చుకుంటుంది. రాగి నెట్‌వర్క్ తీగ వంద మీటర్ల వరకే పనిచేస్తుంది, పైగా పిడుగుపాటు సమయంలో అది రెండు చివరల ఉన్న పరికరాలనూ కాల్చగలదు. ఒక కట్టడం నుంచి ఇంకో కట్టడానికి ఫైబర్ తీగే వేయించుకుని, షెడ్డులో వేరే రూటర్ పెట్టుకోవాలని గట్టిగా చెబుతాను.

తరువాత ఛానెల్. ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ డివైస్ వైఫై లిస్ట్’ ఇస్తే చుట్టుపక్కల నెట్‌వర్క్‌లు ఏయే ఛానెళ్ల మీద ఉన్నాయో వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 ఛానెళ్లే. ఈ మూడింటిలో తక్కువ రద్దీ ఉన్నదాన్ని రూటర్ పేజీలో (బ్రౌజర్‌లో రూటర్ చిరునామా కొడితే వచ్చే సెట్టింగుల పేజీలో) నిలకడగా ఎంచి పెట్టండి. ఛానెల్ వెడల్పును 20 మెగాహెర్ట్జ్‌కే ఉంచండి, 40 పెడితే పక్కింటివారికీ మీకూ ఇద్దరికీ చెరుపే. పల్లెటూళ్లలో ఇళ్లు దూరంగా ఉంటాయి కాబట్టి ఇది పెద్ద సమస్య కాదు. అమలాపురం, తణుకు, భీమవరం వంటి చోట్ల అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి మాత్రం చాలా తేడా కనిపిస్తుంది.

రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంటే దానికి వేరే పేరు పెట్టి, ల్యాప్‌టాప్ కూర్చునే గదిలో మైనస్ 67 కంటే మెరుగ్గా వస్తే దాన్నే వాడండి. ఛానెల్‌ను 36 నుంచి 48 లోపు గానీ, 149 నుంచి 161 లోపు గానీ పెట్టండి. నడుమ ఉన్న ఛానెళ్లలో ప్రసారం మొదలుపెట్టే ముందు రూటర్లు రాడార్ సంకేతాల కోసం కనీసం ఒక నిమిషం వింటాయి, కనుక కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అంతసేపు ఆలస్యం అదనంగా పడుతుంది. ల్యాప్‌టాప్‌కు 5 గిగాహెర్ట్జ్ పేరు అసలే కనబడకపోతే ‘ఐడబ్ల్యూ రెగ్ గెట్’ ఇచ్చి దేశం చోట ‘ఐఎన్’ అని ఉందో, ‘00’ అని ఉందో చూడండి. ‘00’ ఉంటే కార్డు ఏ దేశంలో ఉన్నదీ తెలియక కొన్ని ఛానెళ్లను వదిలేస్తుంది. ‘సుడో ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్’ అని ఇచ్చి, ఐఎన్ అనే రెండు అక్షరాలను పెద్దవిగా కొట్టి, మళ్లీ వెతికి చూడండి.

బ్లూటూత్ హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడే నెట్ నసుగుతుంటే దానికి కారణం, బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే, తరచుగా అదే కార్డు మీద నడవడం. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే ఆ బాధ తీరుతుంది. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కులు కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తాయి. ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడే వైఫై పడిపోతుంటే డిస్కును ఇంకో వైపు పోర్టుకు మార్చి చూడండి.

విద్యుత్ పొదుపు: ఎక్కువమందికి అసలు కారణం

సిగ్నల్ బాగుండి, డ్రైవర్ బాగుండి, అయినా వీడియో కాల్స్ ఆగి ఆగి వస్తుంటే చూడవలసింది ఇదే. రూటర్ సెకనుకు సుమారు పదిసార్లు ‘నేనున్నాను’ అని ఒక చిన్న సంకేతం పంపుతుంది. ల్యాప్‌టాప్ కార్డు బ్యాటరీ మిగిల్చేందుకు ఈ సంకేతాల మధ్య నిద్రపోయి, సంకేతం వచ్చే వేళకు లేచి, తనకోసం ఏమైనా ఉందా అని చూసుకుంటుంది. కార్డు, రూటర్ రెండూ ఈ ఒప్పందాన్ని సరిగా పాటిస్తే ఇబ్బంది లేదు. కానీ చవక ఫైబర్ పెట్టెలలోనూ, కొన్ని కార్డుల డ్రైవర్లలోనూ ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు డేటా ఆలస్యంగా వస్తుంది, లేదా కార్డు రూటర్ సంకేతాన్ని కోల్పోయి లింకును వదిలేస్తుంది.

దీన్ని చూడడానికి ‘ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 గెట్ పవర్_సేవ్’ అని ఇవ్వండి. ‘ఆన్’ అని వస్తే, ‘పింగ్’ కమాండ్‌తో మీ రూటర్ చిరునామాను, సాధారణంగా 192.168.1.1 ను, ఒక నిమిషం పాటు పలకరించండి. జవాబులు రెండు మూడు మిల్లీసెకన్లకు బదులు ఒకసారి 3, ఒకసారి 120, ఒకసారి 90 ఇలా ఎగుడుదిగుడుగా వస్తే నేరం పొదుపుదే. ‘సుడో ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 సెట్ పవర్_సేవ్ ఆఫ్’ అని ఇచ్చి, వెంటనే మళ్లీ పింగ్ చేసి చూడండి. సంఖ్యలు ఒక్కసారిగా చదునుగా మారితే మీకు కావలసిన రుజువు దొరికినట్టే.

అయితే ఈ మార్పు రీస్టార్ట్ దాకానే ఉంటుంది. శాశ్వతం చేయడానికి ‘/ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/కాన్ఫ్.డీ’ అనే ఫోల్డర్‌లో ఒక కొత్త ఫైల్ పెట్టాలి. ఈ దారిలో నెట్‌వర్క్‌మేనేజర్ అన్న మాటలో ఎన్, ఎం అక్షరాలు పెద్దవి. ఉబుంటులో అక్కడే పొదుపును ఆన్‌లో పెట్టే ఒక ఫైల్ ముందే ఉంటుంది, దాని విలువ 3. నెట్‌వర్క్‌మేనేజర్ ఫైళ్లను అక్షర క్రమంలో చదివి, చివర చదివినదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, మీ ఫైల్ పేరు ఆంగ్ల అక్షరమాలలో చివరిదైన జెడ్‌తో మొదలై ‘.కాన్ఫ్’తో ముగియాలి. అందులో రెండే వరుసలు: మొదటి వరుసలో చతురస్ర కుండలీకరణాల మధ్య ‘కనెక్షన్’ అనే మాట, రెండో వరుసలో ‘వైఫై.పవర్‌సేవ్ = 2’. ఇక్కడ 2 అంటే పొదుపు వద్దు అని. ఫైల్‌ను సేవ్ చేసి, ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్’ అని, మళ్లీ ఎన్, ఎం పెద్ద అక్షరాలతో, ఇవ్వండి.

మన ప్రాంతంలో ఇంకో ముడి ఉంది. బ్యాటరీ ఆదా కోసం చాలామంది ‘టీఎల్‌పీ’ అనే ప్యాకేజీ వేసుకుంటారు. అది తనంత తానుగా, ఛార్జర్ మీద ఉన్నప్పుడు వైఫై పొదుపును ఆపి, బ్యాటరీ మీదికి మారగానే ఆన్ చేస్తుంది. అంటే కరెంటు పోయిన క్షణం నుంచి, రూటర్ ఇన్వర్టర్ మీద నిక్షేపంగా నడుస్తున్నా, ల్యాప్‌టాప్‌లో నెట్ కుంటుతుంది. ఇంట్లోవారు రూటర్‌నో, ఇన్వర్టర్‌నో తిట్టుకుంటారు. ‘/ఈటీసీ/టీఎల్‌పీ.కాన్ఫ్’ ఫైల్‌లో ‘వైఫై_పీడబ్ల్యూఆర్_ఆన్_బ్యాట్’ అనే వరుసను, అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, వెతికి, ముందున్న హ్యాష్ గుర్తు తీసేసి ‘ఆఫ్’ అని పెట్టి, ‘సుడో టీఎల్‌పీ స్టార్ట్’ ఇవ్వండి. దీనివల్ల బ్యాటరీకి కలిగే నష్టం తెర వెలుతురును ఒక మెట్టు తగ్గిస్తే తిరిగి వచ్చేస్తుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు

రూటర్‌కు, ఫైబర్ పెట్టెకు రెండింటికీ బ్యాకప్ ఉండాలి. ఒకదానికే ఉంటే ఉపయోగం లేదు. రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని ముద్రించి ఉంటుంది. చాలావాటికి 12 వోల్టులు. ఆ వోల్టేజీకి సరిగ్గా సరిపోయే, అంతకు తగ్గని ఆంపియర్లు ఇచ్చే చిన్న రూటర్ యూపీఎస్ ఒకటి కొంటే, ఇంటి ఇన్వర్టర్ మారేటప్పుడు వచ్చే క్షణకాలపు విరామం కూడా తగలదు. లో వోల్టేజీ సమయంలో రూటర్ తనంత తాను రీస్టార్ట్ కావడం కూడా దీనితో ఆగుతుంది.

బ్యాకప్ లేనివారి ల్యాప్‌టాప్‌లో ఇలా జరుగుతుంది. కరెంటు రాగానే రూటర్ ముందు వైఫై పేరును ప్రసారం చేస్తుంది గానీ, ఐపీ చిరునామాలు పంచడానికి కొంతసేపు పడుతుంది. ల్యాప్‌టాప్ ఆత్రంగా కలవబోయి, చిరునామా దొరక్క, విఫలమవుతుంది. మామూలుగా నాలుగుసార్లు విఫలమైతే నెట్‌వర్క్‌మేనేజర్ ఆ కనెక్షన్‌ను కాసేపు పక్కన పెట్టేస్తుంది. మీరు వచ్చి చూసేసరికి రూటర్ సిద్ధంగా ఉన్నా ల్యాప్‌టాప్ ఊరకే కూర్చుని ఉంటుంది. ‘ఎన్‌ఎంసీఎల్‌ఐ కనెక్షన్ మాడిఫై’ అని, తరువాత మీ వైఫై పేరు, తరువాత ‘కనెక్షన్.ఆటోకనెక్ట్-రీట్రైస్ 0’ అని ఇస్తే, సున్నాకు అర్థం విసుగు లేకుండా ప్రయత్నించమని. అదే పద్ధతిలో ‘కనెక్షన్.ఆటోకనెక్ట్-ప్రయారిటీ 10’ అని ఇంటి వైఫైకి ఇస్తే, ఫోను హాట్‌స్పాట్ కూడా అందుబాటులో ఉన్నప్పుడు ఇంటిదాన్నే ముందు పట్టుకుంటుంది.

సెట్టింగుల్లో ఆ కనెక్షన్‌కు ‘ఇతర వాడుకరులకూ అందుబాటులో ఉంచు’ అనే అర్థం వచ్చే గడికి టిక్ పెట్టండి. అప్పుడు పాస్‌వర్డ్ సిస్టమ్‌లో నిలుస్తుంది, లాగిన్ కాకముందే వైఫై కలుస్తుంది.

తెగినప్పుడు ఎక్కడ తెగిందో పట్టుకోవడం

శివారు పొలానికి నీరు అందకపోతే రైతు ముందు తన బోదె చూసుకుని, తరువాత పంట కాలువ, ఆపైన తూము, ఆ తరువాతే ప్రధాన కాలువ దాకా గట్టు వెంట నడిచి వెళతాడు. నెట్ తెగినప్పుడూ అదే వరుస పాటించాలి. మొదట ‘పింగ్ 192.168.1.1’. దీనికి జవాబు లేకపోతే తప్పు మీ ల్యాప్‌టాప్‌కు, రూటర్‌కు మధ్యనే ఉంది. జవాబు వస్తే ‘పింగ్ 8.8.8.8’. దీనికి రాకపోతే ల్యాప్‌టాప్‌లో ఏమీ ముట్టుకోకండి, ఫైబర్ పెట్టె మీద ‘లాస్’ దీపం ఎర్రగా వెలుగుతోందేమో చూసి లైన్‌మ్యాన్‌కు ఫోన్ చేయండి. దీనికీ జవాబు వచ్చి, వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ దగ్గర లోపం ఉంది. వైఫై సెట్టింగుల్లో ఐపీవీ4 పేజీలో డీఎన్‌ఎస్‌ను ఆటోమేటిక్ నుంచి తీసి 1.1.1.1, 8.8.8.8 అని ఇవ్వండి.

తప్పు ల్యాప్‌టాప్, రూటర్ల మధ్యనే అని తేలితే, తెగిన వెంటనే ‘జర్నల్‌సీటీఎల్ -బీ -యూ డబ్ల్యూపీఏ_సప్లికెంట్’ ఇచ్చి చివరి వరుసలు చదవండి. ‘డిస్‌కనెక్టెడ్’ అన్న వరుసలో ‘రీజన్’ పక్కన ఒక సంఖ్య ఉంటుంది. 15 అయితే తాళాల మార్పిడి సకాలంలో పూర్తికాలేదు, చాలాసార్లు పాస్‌వర్డ్ తప్పని అర్థం. 4 అయితే చాలాసేపు చప్పుడు లేదని రూటర్ మిమ్మల్ని బయటకు పంపింది, ఇది పైన చెప్పిన పొదుపు వ్యవహారం కావచ్చు. 3 ఉండి పక్కనే ‘లోకల్లీ జనరేటెడ్’ అని ఉంటే వదిలేసినది మీ ల్యాప్‌టాపే.

పాస్‌వర్డ్ సరైనదే అయినా పాత కార్డు కలవకుండా 15 చూపిస్తుంటే, రూటర్ పేజీలో భద్రత విభాగం చూడండి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిపిన పద్ధతి కొన్ని పాత కార్డులకు మింగుడుపడదు. డబ్ల్యూపీఏ2 ఒక్కటే పెట్టి, పొడవైన పాస్‌వర్డ్ ఉంచుకుంటే ఇంటి వాడకానికి సరిపోతుంది.

మూత మూసి తెరిచాక వైఫై రాకపోవడం వేరే రకం లోపం. మొదట నెట్‌వర్క్‌మేనేజర్‌ను పైన చెప్పినట్టు రీస్టార్ట్ చేసి చూడండి. ఫలించకపోతే డ్రైవర్‌ను దించి ఎక్కించాలి. ఇంటెల్ కార్డుల్లో ఎక్కువవాటికి ‘సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఐడబ్ల్యూఎల్‌ఎంవీఎం ఐడబ్ల్యూఎల్‌వైఫై’ అని, ఆ తరువాత ‘సుడో మోడ్‌ప్రోబ్ ఐడబ్ల్యూఎల్‌వైఫై’ అని ఇస్తే కార్డు కొత్తగా మొదలవుతుంది. ప్రతిసారీ ఇదే అవసరమవుతుంటే ఈ రెండు కమాండ్‌లనూ ‘/యూఎస్‌ఆర్/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్-స్లీప్’ ఫోల్డర్‌లో ఒక చిన్న స్క్రిప్టుగా పెట్టి, దానికి నడిచే అనుమతి ఇవ్వవచ్చు. సిస్టమ్ ఆ స్క్రిప్టును నిద్రకు ముందు ‘ప్రీ’ అనే మాటతో, లేచాక ‘పోస్ట్’ అనే మాటతో పిలుస్తుంది. కనుక దించడాన్ని ప్రీ కింద, ఎక్కించడాన్ని పోస్ట్ కింద రాయాలి.

తేమ, ఉప్పు గాలి

అంతర్వేది, ఓడలరేవు వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉండేవారు ఒక సంగతి అదనంగా చూసుకోవాలి. ల్యాప్‌టాప్ వెనక మూత తీస్తే వైఫై కార్డు బొటనవేలంత ఉంటుంది, దాని మీద సాధారణంగా రెండు సన్నని తీగలు, తరచుగా ఒకటి నల్లది, ఒకటి తెల్లది లేదా బూడిద రంగుది, గింజంత ఇత్తడి రంగు కొనలతో బిగించి ఉంటాయి. అవే యాంటెన్నా తీగలు, తెర చుట్టూ ఉన్న అంచులోకి వెళతాయి. ఉప్పు తేమకు ఆ కొనలు నల్లబడినా, మరమ్మతు చేసినప్పుడు ఒకటి సరిగా నొక్కుకోకపోయినా, రూటర్ పక్కనే కూర్చున్నా సిగ్నల్ మైనస్ 70 దగ్గరే ఉంటుంది. ఒకే గదిలో పక్కపక్కన పెట్టిన మరో ల్యాప్‌టాప్‌కు మైనస్ 45 వస్తూ మీదానికి మైనస్ 70 వస్తుంటే, ఇక ఏ కమాండూ ఇవ్వకుండా బ్యాటరీ తీగను విడదీసి, కార్డు మీది ఆ రెండు కొనలనూ మెల్లగా పైకి తీసి, పొడి మెత్తని గుడ్డతో తుడిచి, టిక్కున చప్పుడు వచ్చేలా తిరిగి నొక్కించండి. చేతనవుతుందన్న నమ్మకం లేకపోతే మరమ్మతు దుకాణంలో ఈ పని ఒక్కటే చేయమని అడిగి చేయించుకుని, ఇంటికి రాగానే అదే చోట మళ్లీ సిగ్నల్ సంఖ్యను చూడండి.